వ్యాపారం పెరిగింది, ఏ సాఫ్ట్‌వేర్ పెట్టాలి? కొనే ముందు ఒక ఆర్డర్ వెంట నడవండి

"బాబాయ్, నిన్న రాత్రి గల్లా లెక్క ఎన్నింటికి తేలింది?"

ఏ సాఫ్ట్‌వేర్ కొనమంటావని అడిగిన ప్రతివాళ్ళనీ నేను ముందు అడిగేది ఇదే. "పదకొండున్నర దాకా కూర్చున్నాం. తేలలేదు. రెండు వేలు తేడా. రేపు చూద్దామని తాళం వేసేశాం" అన్నారాయన.

ఆయనది తణుకు వైపు స్వీట్లు, పచ్చళ్ళ షాపు. ఒక్క కౌంటర్‌తో మొదలై మూడయ్యాయి. వాట్సాప్‌లో ఆర్డర్లు, అమెరికాకు పార్శిళ్ళు, ఈమధ్యే హైదరాబాద్‌లో బ్రాంచి. అప్పటికే ఒక సేల్స్ ఆయన వచ్చి "మీకు ఈఆర్‌పీ తప్పదు" అని చెప్పి వెళ్ళాడు, అంటే కొనుగోళ్ళు, స్టాక్, అమ్మకాలు, లెక్కలు అన్నీ ఒకేచోట నడిపే పెద్ద సాఫ్ట్‌వేర్. బీటెక్ చదివిన మేనల్లుడు "యాప్ నేనే చేసేస్తా మావయ్యా" అంటున్నాడు. ఆడిటర్‌గారేమో "లెక్కలు రాసుకోవడానికి ట్యాలీ ఉందిగా, ఇంకేం కావాలి" అంటున్నారు. ముగ్గురి మాటలోనూ కొంత నిజం ఉంది. కాకపోతే ముగ్గురూ తమ చేతిలో ఏముందో అది చెప్పారు, షాపులో ఏం జరుగుతోందో ఎవరూ చూడలేదు.

ఆ షాపులో మేం చేసిన వరసే ఇక్కడ రాస్తున్నాను. మీది బట్టల కొట్టైనా, హార్డ్‌వేర్ షాపైనా దాదాపు ఇదే పనికొస్తుంది.

1. ఒక ఆర్డర్ వెంట నడవండి

ఒక రోజు షాపులో కూర్చుని, ఒకే ఒక్క ఆర్డర్‌ను మొదటి నుంచి చివరి దాకా చూడండి. సలహా ఇవ్వొద్దు, సరిదిద్దొద్దు. ఎవరు ఎక్కడ ఏం రాస్తున్నారో మాత్రం కాగితం మీద పెట్టుకోండి.

మేం ఎంచుకున్నది ఒక సారె ఆర్డర్. పెళ్ళికూతురి తండ్రి ఫోన్ చేశారు. 101 లడ్డూలు, 101 కాజాలు, 51 అరిసెలు, ఐదు కేజీల జంతికలు. బాబాయ్ లాంగ్ నోట్‌బుక్‌లో రాసుకున్నారు. అడ్వాన్స్ ఐదు వేలు కొడుకు ఫోన్‌కు యూపీఐలో వచ్చింది. వంట మాస్టర్‌కు ఒక చీటీ వెళ్ళింది. మాస్టర్ దాన్ని చాక్‌పీసుతో గోడ మీది బోర్డుకెక్కించాడు. ప్యాకింగ్ అమ్మాయి డబ్బాల మీద స్టిక్కర్లు రాసింది. సరుకు తీసుకెళ్ళిన రోజు కౌంటర్‌లో బిల్లు కొట్టారు. నెలాఖరున అకౌంటెంట్ అదే బిల్లు ట్యాలీలో ఎక్కించాడు. నోట్‌బుక్, చీటీ, బోర్డు, స్టిక్కర్, బిల్లు, ట్యాలీ. ఒకే సంగతిని ఆరుసార్లు రాశారు.

మధ్యలో ఆ తండ్రి మళ్ళీ ఫోన్ చేసి "గురువారం కాదండీ, బుధవారమే కావాలి" అన్నారు. బాబాయ్ నోట్‌బుక్‌లో కొట్టేసి దిద్దారు. బోర్డు మీద మాత్రం గురువారమే ఉండిపోయింది. మంగళవారం రాత్రి మాస్టర్‌ను నిద్రలేపి అరిసెల పాకం పట్టించారు.

రెండోసారి రాసిన ప్రతి చోటా ఎర్ర పెన్నుతో సున్నా చుట్టండి. మీరు డబ్బు పెట్టాల్సింది ఆ సున్నాల మీదే. అవి లేనిచోట ఎంత గొప్ప సాఫ్ట్‌వేర్ తెచ్చినా మీకు మిగిలేది ఇంకో పాస్‌వర్డ్ మాత్రమే.

2. సరుకుల జాబితా కడగండి

ఈ పని ఎవరికీ నచ్చదు. అందుకే అందరూ దీన్ని వదిలేసి నేరుగా డెమోకు వెళ్తారు.

పాత బిల్లింగ్ మెషీన్‌లో ఆవకాయ అరకేజీ నాలుగు పేర్లతో దొరికింది: "ఆవకాయ 500", "ఆవ అర", "అవకాయ హాఫ్", "ఆవకాయ పౌచ్". నాలుగింటికీ స్టాక్ వేరువేరుగా ఉంది. ఒకదానిలో మైనస్ 212. మైనస్ స్టాక్ అంటే లేని సరుకు అమ్మారని కాదు, ఒక పేరు మీద చేర్చిన సరుకును ఇంకో పేరు మీద అమ్మారని.

ఎక్సెల్‌లో ఒక షీట్ తెరవండి. ఒక వస్తువుకు ఒకే వరస. పేరు, కొలత, హెచ్‌ఎస్‌ఎన్ కోడ్ (జీఎస్టీలో ఆ రకం సరుకుకు ఉండే నంబరు), జీఎస్టీ శాతం, అమ్మకం ధర. పచ్చడి జాడీలో కేజీల లెక్కన ఉంటుంది, కౌంటర్‌లో పౌచ్‌ల లెక్కన వెళ్తుంది. ఆ రెంటికీ మధ్య మార్పిడి ఏమిటో, నింపేటప్పుడు తరుగు ఎంత పోతుందో కూడా రాయండి. అలాగే అరువు ఖాతాలు. "సుబ్బారావుగారు", "సుబ్బారావు క్యాటరింగ్", "ఎస్సారావు" ముగ్గురా ఒక్కరా అన్నది బాబాయ్‌కే తెలుసు. అది సాఫ్ట్‌వేర్‌కు తెలియదు, అకౌంటెంట్‌కూ తెలియదు. మాకు ఈ ఒక్క పనికే తొమ్మిది రోజులు పట్టింది. ఆ తొమ్మిది రోజుల తర్వాత సాఫ్ట్‌వేర్ కొనకపోయినా బాగానే ఉండేదనిపించింది, అంత తేలికైంది.

3. పనులను మూడు కుప్పలు పోయండి

మొదటి కుప్ప, చట్టం అడిగేవి. ఇందులో మీ ఇష్టాయిష్టాలతో పని లేదు. జీఎస్టీ బిల్లు నంబరు 16 అక్షరాలు దాటకూడదు, ఆ ఆర్థిక సంవత్సరంలో మళ్ళీ రాకూడదు. 50,000 రూపాయలు దాటిన సరుకు బండెక్కితే ఈ-వే బిల్లు (రవాణా కోసం ఆన్‌లైన్‌లో తీసుకునే పత్రం) కావాలి. టర్నోవర్ 5 కోట్లు దాటిన వాళ్ళు జీఎస్టీ నంబరున్న వ్యాపారులకు అమ్మితే 2023 ఆగస్టు 1 నుంచి ఈ-ఇన్‌వాయిస్ (ప్రభుత్వ పోర్టల్‌లో నమోదైన బిల్లు) తప్పనిసరి. మీరు ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ అయితే ఇంకోటి ఉంది. ఏ ఎంట్రీని ఎప్పుడు మార్చారో నమోదు చేస్తూ, ఆఫ్ చేయడానికి వీల్లేని ఆడిట్ ట్రైల్ ఉన్న సాఫ్ట్‌వేర్‌లోనే 2023 ఏప్రిల్ 1 నుంచి ఖాతాలు రాయాలి.

రెండు రాష్ట్రాల్లో షాపులున్న వాళ్ళు ఇక్కడ కొంచెం ఆగండి. తణుకు నుంచి హైదరాబాద్ బ్రాంచికి మీ సరుకును మీరే పంపుకున్నా, రెండు జీఎస్టీ నంబర్లు కాబట్టి చట్టం దాన్ని సరఫరా కిందే లెక్కేస్తుంది. డబ్బు చేతులు మారకపోయినా ట్యాక్స్ ఇన్‌వాయిస్ వేయాలి, ఐజీఎస్టీ (రాష్ట్రం దాటే సరుకు మీద పడే జీఎస్టీ) కట్టాలి. అక్కడి బ్రాంచి దాన్ని క్రెడిట్‌గా తీసుకుంటుంది, అంటే తాను కట్టాల్సిన పన్నులోంచి తగ్గించుకుంటుంది. బాబాయ్ అప్పటిదాకా తెల్లకాగితం మీద "హైద్ పంపినవి" అని రాసి వ్యాన్ డ్రైవర్ చేతికిచ్చేవారు! ఆడిటర్‌గారికి ఆ కాగితం చూపించినప్పుడు ఆయన ముఖం చూడాల్సింది. మీకు తెలంగాణలోనూ ఆంధ్రలోనూ షాపులుంటే, రెండు జీఎస్టీ నంబర్లనూ ఒకేచోట నడిపి, బ్రాంచి బదిలీకి బిల్లు వేయగలిగే సాఫ్ట్‌వేర్‌లనే చూడండి. సగం పేర్లు ఇక్కడే రాలిపోతాయి.

రెండో కుప్ప, అందరికీ ఉండేవి: కౌంటర్ బిల్లు, కొనుగోళ్ళు, బాకీలు, జీతాలు. వీటి గురించి ఎక్కువ ఆలోచించక్కర్లేదు. లక్షలమంది వాడి అరగదీసిన పనులివి.

మూడోది, మీ ఒక్కరికే ఉండేవి. బాబాయ్ షాపులో అది సారె. ఫలానా ముహూర్తానికి ఫలానా సంఖ్య, డబ్బా మీద పేర్లు, అడ్వాన్స్, ఆ రోజు నుంచి వెనక్కి లెక్కేసి పాకం ఎప్పుడు పట్టాలో. ఏ రెడీమేడ్ బిల్లింగ్‌లోనూ ఇది ఉన్నదున్నట్టు దొరకదు. చాలా వ్యాపారాల్లో ఈ మూడో కుప్పలో ఒక్కటో రెండో ఉంటాయి. పది ఉన్నాయని మీకనిపిస్తే, ఎనిమిది అలవాట్లు అయ్యుంటాయి. "మేం ఎప్పటినుంచో ఇలాగే చేస్తున్నాం" అన్నది సాఫ్ట్‌వేర్ రాయించడానికి కారణం కాదు.

4. రెడీమేడా, ఆల్టరేషనా, కుట్టించుకోవడమా

మొదటి రెండు కుప్పలకూ రెడీమేడే కొనండి. దీనిమీద నాకు రెండో ఆలోచన లేదు. కారణం ఒక్క ఉదాహరణతో చెప్తాను. 2025 సెప్టెంబర్ 22న జీఎస్టీ రేట్లు మారాయి. ప్యాకెట్లలో అమ్మే మిక్స్చర్, కారప్పూస లాంటివి 12 నుంచి 5 శాతానికి దిగాయి. ఆ రోజే నవరాత్రులు మొదలు, కౌంటర్ దగ్గర కాలు పెట్టే చోటు లేదు. రెడీమేడ్ వాడే షాపుల్లో ఆ మార్పు కంపెనీ చూపించిన దారిలో ముందురోజు రాత్రే అయిపోయింది. సొంతంగా రాయించుకున్న ఒక షాపులో శాతం ప్రోగ్రాం లోపలే రాసి ఉంది. రాసిన కుర్రాడు ఉద్యోగం వచ్చి పుణె వెళ్ళిపోయాడు. నాలుగు రోజులు చేత్తో బిల్లులు రాశారు. చట్టం మారిన ప్రతిసారీ మీ డబ్బుతో మీరే దిద్దించుకోవాల్సిన పని పెట్టుకోకండి.

ఒక్క షాపు, ఇద్దరు మనుషులు ఉంటే వ్యాపార్ లాంటి మొబైల్ బిల్లింగ్ యాప్ సరిపోతుంది. ఆడిటర్‌కు అలవాటైనది కావాలంటే ట్యాలీప్రైమ్. మన ఊళ్ళలో ట్యాలీ వచ్చిన మనిషి దొరకడం తేలిక, ఇది చిన్న విషయం కాదు. రెండు మూడు ఊళ్ళ నుంచి ఒకే లెక్క చూడాలంటే జోహో బుక్స్ లాంటి ఆన్‌లైన్‌ది చూడొచ్చు. తయారీ, గోడౌన్లు, బ్యాచ్‌లు అన్నీ ఉంటే ముంబైలో పుట్టిన ఈఆర్‌పీ నెక్స్ట్ ఉంది. ఓపెన్ సోర్స్ (ప్రోగ్రాం అందరికీ తెరిచి పెట్టింది) కాబట్టి లైసెన్సుకు డబ్బు అక్కర్లేదు. కానీ సర్వర్ చూసుకోవడానికి మనిషి కావాలి. ఫ్రీ అన్న మాట విని దిగి, ఆ మనిషి జీతం దగ్గర ఆగిపోయిన వాళ్ళను చూశాను.

మూడో కుప్పకు ముందు ఆల్టరేషన్, అంటే చేతిలో ఉన్నవాటినే సర్దుకోవడం, కుదురుతుందేమో చూడండి. బాబాయ్ సారె ఆర్డర్లకు మేం ముందు ఒక గూగుల్ ఫారం, దాని వెనక ఒక షీట్ పెట్టాం. వంటింట్లో పాత ట్యాబ్ ఒకటి గోడకు బిగించి, రేపటి పని, ఎల్లుండి పని కనబడేలా చేశాం. ఖర్చంతా ఆ ట్యాబ్ స్టాండుకే. మూడు నెలలు అలా నడిచాక గానీ అసలేం కావాలో మాకే తెలియలేదు. అప్పుడు మేనల్లుడికి ఆ ఒక్క ముక్కే అప్పగించాం: సారె ఆర్డర్ల యాప్, బిల్లు మాత్రం బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌లోనే. కుర్రాడు మొదట ముఖం ముడుచుకున్నాడు, మొత్తం తానే రాద్దామనుకున్నాడు మరి.

కుట్టించుకుంటే, అంటే సొంతంగా రాయించుకుంటే, మూడు విషయాలు కాగితం మీద ఉండాలి, రాసేది చుట్టమైనా సరే. సోర్స్ కోడ్ (ప్రోగ్రాం అసలు రాత) మీది. సర్వర్, డొమైన్ (వెబ్ చిరునామా) మీ పేరు మీద, మీ ఈమెయిల్‌తో. రాసినవాడు రేపు లేకపోతే ఇంకొకడు అందుకునేలా నాలుగు పేజీల నోట్.

5. డెమో మీ కౌంటర్‌లో, మీ కుర్రాడి చేత్తో

సేల్స్ మనిషి ల్యాప్‌టాప్‌లో ఏ సాఫ్ట్‌వేరైనా బాగానే ఉంటుంది. మీ పాత బిల్లుల్లో అన్నిటికంటే చిక్కువి పది తీయండి. సగం నగదు సగం యూపీఐ ఇచ్చిన బిల్లు, అడ్వాన్స్ తీసివేసిన బిల్లు, రెండు డబ్బాలు వెనక్కిచ్చిన బిల్లు, పాత బాకీతో కలిపి కట్టింది. వాటిని మీరు కాదు, కౌంటర్ కుర్రాడు కొట్టాలి. మీరు పక్కన గడియారం చూసుకోండి.

తర్వాత ఇంటర్నెట్ పీకేయండి. బిల్లు వస్తోందా? నెట్ తిరిగొచ్చాక ఆ బిల్లులు వాటంతటవే ఎక్కాయా, నంబర్లు రిపీట్ అయ్యాయా? సాయంత్రం ఏడింటికి కరెంటు పోతే మీ షాపులో జరిగేది ఇదే.

తెలుగులో బిల్లు కావాలంటే మీ థర్మల్ ప్రింటర్ మీదే ప్రింట్ తీయించండి. స్క్రీన్ మీద "పూతరేకులు" అని చక్కగా కనబడుతుంది, కాగితం మీద వరసగా ప్రశ్నార్థకాలు వస్తాయి. చాలా ప్రింటర్లలో తెలుగు ఫాంట్ ఉండదు, సాఫ్ట్‌వేర్ దాన్ని బొమ్మలా పంపితేనే పడుతుంది. డబ్బు కట్టాక తెలుసుకోవాల్సిన సంగతి కాదిది.

సేల్స్ మనిషిని ఒకే ఒక్కటి అడగండి: "2025 సెప్టెంబర్‌లో రేట్లు మారినప్పుడు మీ కస్టమర్లు ఏం చేశారు?" ఒక్కో వస్తువు తెరిచి మార్చారంటే ఒక జవాబు, గ్రూపు మొత్తానికి ఒకేసారి మార్చి తేదీ పెట్టారంటే ఇంకో జవాబు. నీళ్ళు నమిలితే అదీ జవాబే.

6. ఐదేళ్ళ లెక్క వేయండి

మొదటి ఏడాది ఆఫర్ ధర చూసి కొనకండి. లెక్క కోసం మనిషికి నెలకు 600 అనుకుందాం. ఎనిమిది మంది, ఐదేళ్ళు: 2,88,000. దీనికి నేర్పించే ఖర్చు, మెసేజ్‌ల ఖర్చు, ప్రింటర్లు, పాత లెక్కలు ఎక్కించే కూలి కలపండి. రెన్యూవల్ ధర ఎంతో రాతపూర్వకంగా తీసుకోండి. రెన్యూ చేయకపోతే పాత బిల్లులు కనీసం చూడనిస్తారా లేదా కూడా.

7. బయటికొచ్చే దారి ముందే చూసుకోండి

కొనేముందే ట్రయల్‌లో ఒక వంద బిల్లులు కొట్టి, వస్తువుల జాబితా, పార్టీల బాకీలు, బిల్లులు మూడింటినీ ఎక్సెల్‌లోకి దించండి. దించిన ఫైల్‌ను మీ అకౌంటెంట్‌కు పంపి "ఇందులోంచి పోయిన వారం అమ్మకం చెప్పు" అనండి. ఆయన చెప్పగలిగితే మీ లెక్కలు మీవే. పీడీఎఫ్ మాత్రమే వస్తుందంటే లోపలికి వెళ్ళడమే గానీ రావడం లేదని.

బ్యాకప్ గురించి నా తప్పు ఒకటి చెప్పుకోవాలి. మొదట్లో ఒక మందుల షాపుకు రోజూ రాత్రి దానంతటదే బ్యాకప్ తీసేలా పెట్టాను, చాలా గర్వంగా. తీసేది అదే కంప్యూటర్‌లోని డి డ్రైవ్‌లోకి. ఒక వర్షాకాలం హార్డ్‌డిస్క్ పోయింది, సి, డి రెండూ కలిసే పోయాయి. పద్నాలుగు నెలల లెక్కలు. ఆ యజమాని నన్నొక్క మాట అనలేదు, అదే ఇప్పటికీ ముల్లులా గుచ్చుతుంది. బ్యాకప్ షాపు బయట ఉండాలి. నెలకోసారి దాన్ని వేరే కంప్యూటర్‌లో తెరిచి చూడాలి.

8. ఎప్పుడు మొదలుపెట్టాలి

బాబాయ్ అన్నారు, "మహాలయ పక్షాల్లో ఎటూ ఖాళీయే, అప్పుడు పెట్టేద్దాం." పక్షాలవగానే దసరా, ఆ వెంటనే దీపావళి. ఈ తప్పు చాలా పెద్దవాళ్ళే చేశారు. అమెరికాలో చాక్లెట్లు చేసే హెర్షీ కంపెనీ 1999 జూలైలో మూడు కొత్త సిస్టమ్‌లు ఒకేసారి మొదలుపెట్టింది. వాళ్ళకు మిఠాయిలు ఎక్కువ అమ్ముడయ్యే హాలోవీన్ అక్టోబర్‌లో. గోడౌన్లలో సరుకుంది, ఆర్డర్లున్నాయి, కానీ ఒకదాన్ని ఇంకోదానికి అందించలేక దాదాపు 10 కోట్ల డాలర్ల ఆర్డర్లు పంపలేకపోయారు. సీజన్ ముందు దొరికే ఖాళీని నమ్మకూడదు. ఖాళీ తర్వాత కూడా కొంత ఖాళీ ఉండాలి.

ఆడిటర్‌గారు ఏప్రిల్ 1 అన్నారు. లెక్కలకు అది మంచి రోజే, కానీ పచ్చళ్ళ షాపుకు మామిడికాయ దిగే రోజులవి. ఏడాది మధ్యలో మొదలుపెట్టినా తప్పేం లేదు, బిల్లు నంబర్లకు కొత్త సిరీస్ పెట్టుకోవచ్చు, చట్టం ఒప్పుకుంటుంది. చివరికి ఆషాఢం అనుకున్నాం. ఆవకాయ జోరు తగ్గుతుంది, పెళ్ళిళ్ళుండవు, కొత్త యాప్‌ను పరీక్షించడానికి సరిపడా ఆషాఢం సారెలు వస్తాయి. పిన్నిగారు "ఆషాఢంలో కొత్తవి మొదలుపెట్టడమేంటి" అని అడ్డుపడ్డారు. అది ట్రయల్ మాత్రమేనని, అసలు మొదలు శ్రావణ శుక్రవారమని ఒప్పించాం. నిజానికి పద్ధతి అదే. నెల రోజుల ట్రయల్, ఆ తర్వాత ముహూర్తం.

9. మొదటి నెల

ఒక్క కౌంటర్‌తో మొదలుపెట్టండి, మిగతా రెండూ పాత పద్ధతిలోనే నడవనివ్వండి. రెండు వారాలు పాతా కొత్తా రెండూ రాయండి, అంతకుమించి రాయించకండి, మనుషులు విసిగిపోతారు. ఎవరి లాగిన్ వాళ్ళదే. బిల్లు రద్దు చేసే హక్కు ఒక్కరికో ఇద్దరికో ఇవ్వండి. రోజూ రాత్రి మూడు అంకెలు చూసుకోండి: గల్లాలో నగదు, యూపీఐలో వచ్చింది, సాఫ్ట్‌వేర్ చెప్పిన అమ్మకం. తేడా ఎంత చిన్నదైనా ఆ రాత్రే వెతకండి. మాకు మొదటి రాత్రి 240 వచ్చింది. రద్దు చేసిన బిల్లుకు డబ్బు తిరిగివ్వడం మర్చిపోయారు. కస్టమర్ ఎదురింటాయనే కాబట్టి సరిపోయింది.

ఇంకోటి. నెల తర్వాత కౌంటర్ కింద చూడండి, అక్కడొక నోట్‌బుక్ దొరుకుతుంది. కోప్పడి లాక్కోకండి, తెరిచి చదవండి. బాబాయ్ షాపులో దొరికిన దాంట్లో షాపు స్టీల్ క్యాన్లు ఎవరెవరింటి నుంచి తిరిగి రావాలో వరసగా రాసుంది. నలభై ఆరు క్యాన్లు. మా ఎర్ర సున్నాల్లో అది లేదు, ఆ రోజు ఎవరూ క్యాన్ తీసుకెళ్ళలేదు కాబట్టి. సాఫ్ట్‌వేర్‌లో దానికో చోటు చేద్దామా అంటే కౌంటర్ కుర్రాడు ఆలోచించి "వద్దన్నా, దీంట్లోనే తొందరగా అవుతుంది" అన్నాడు. ఆ నోట్‌బుక్ ఇప్పుడు కౌంటర్ కింద కాదు, పైనే ఉంటోంది.